మంచు పడకముందు ఆర్కిటిక్: ట్రావెల్ మిత్రుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో, ట్రావెల్ ఏజెంట్ల కోసం పెట్టిన సెప్టెంబరు ఆర్కిటిక్ టూరులో మూడోసారి వెళ్ళొచ్చిన సంగతి రాశాను. చోట్లు స్వయంగా చూసొచ్చి అమ్మమని ఏజెంట్లని పిలిచే ఇలాంటి టూర్లని ఫ్యామ్ ట్రిప్ అంటాం. ఫిన్లాండ్‌లోని రోవనియెమిలో బస్సెక్కి, ఇనారి మీదుగా నార్వేలోకి దాటాం. కరాష్యోక్, ఆల్టా, ట్రోమ్సో, నార్విక్ చూసుకుని, అక్కణ్ణుంచి రైల్లో స్వీడన్‌లోని అబిస్కో, కిరునా చేరాం. తొమ్మిది రోజులు, పదిహేడు మంది ఏజెంట్లు, మూడు దేశాలు. దానికి ఉత్తరాలు చాలా వచ్చాయి, ఎక్కువ మన ట్రావెల్ వాళ్ళవే. ఇరవై రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నదాన్ని కనుక తెలిసినంతవరకు దాచుకోకుండా చెబుతాను.

ప్రశ్న: మాది విజయవాడలో చిన్న ట్రావెల్ ఆఫీసు. నేనూ, మా ఆవిడా ఇద్దరమే. ఇన్నాళ్ళూ కాశీ, చార్‌ధామ్, దుబాయ్, సింగపూర్ చేశాం. సెప్టెంబరులో ఆర్కిటిక్ ఫ్యామ్ ట్రిప్‌కి పిలుపు వచ్చింది. విమానం టికెట్, వీసా మన ఖర్చు. బస, భోజనం, బస్సు వాళ్ళవి. అప్పుడు మంచే ఉండదంటున్నారు. మంచు లేని ఆర్కిటిక్‌ని ఎవరు కొంటారండీ? వెళ్ళమంటారా?
– ఒక ట్రావెల్ ఏజెంటు, విజయవాడ

జవాబు: వెళ్ళండి. అయితే మీ ఇద్దరిలో కస్టమరు ఎదురుగా కూర్చుని మాట్లాడేది ఎవరో వాళ్ళే వెళ్ళండి. చిన్న ఆఫీసుల్లో ఓనరు గారు వెళ్ళొస్తారు, అమ్మేది మరొకరు. చూసిన కళ్ళు ఒకరివి, చెప్పే నోరు ఇంకొకరిది అయితే ఆ టికెట్ డబ్బులు వృథా.

మంచు ఉండదన్నది నిజమే. సెప్టెంబరులో ల్యాప్‌లాండ్‌లో, అంటే ఆ దేశాల ఉత్తరపు కొసన, తెల్లటి నేల చూపిస్తామని ఎవరన్నా చెబితే నమ్మకండి. రెయిన్‌డీర్ స్లెడ్జి ఉండదు, స్నోమొబైల్ ఉండదు. హస్కీ కుక్కలకు చక్రాల బండి కట్టి తోలతారు. కానీ ఆ నెలలో అక్కడ కనిపించేది డిసెంబరులో కనిపించదు. దాన్ని ఫిన్లాండ్ వాళ్ళు రుస్కా అంటారు.

పగలు కురచ అవుతూ, రాత్రుళ్ళు చలి పెరుగుతూ ఉంటే ఆకుల్లో పచ్చదనం విరిగిపోతుంది. అడుగున దాగిన పసుపు పైకి తేలుతుంది. కొన్ని ఆకుల్లో ఎరుపు అప్పుడే కొత్తగా పుడుతుంది. బర్చ్ చెట్లన్నీ పసుపు తిరుగుతాయి. అయితే అసలు రంగంతా నేల మీద ఉంటుంది. మోకాలి ఎత్తు కూడా లేని మరుగుజ్జు బర్చ్ పొదలు, బిల్‌బెర్రీ పొదలు కొండకి కొండే ఎర్రబారుస్తాయి. నేను మొదటిసారి చూసింది సారిసెల్క దగ్గర, ఉర్హో కెక్కోనెన్ జాతీయ వనంలో. దూరం నుంచి ముదిరిన ఎర్ర గోంగూర చేనులా ఉంది. వంగి ఒక ఆకు తెంపాను. బొటనవేలి గోరంత ఉంది. గుండ్రటి అంచులు రంపం పళ్ళలా ఉన్నాయి. ఈనె ఇంకా పచ్చగానే ఉంది, మిగతాదంతా ఎరుపు. ఆ ఆకు ఇప్పటికీ నా డైరీలో ఉంది. కస్టమరు వస్తే బ్రోషరు కన్నా ముందు అదే చూపిస్తాను.

ఈ రంగులు సెప్టెంబరు మొదట్లో ఉత్తరాన మొదలై మెల్లగా దక్షిణానికి దిగుతాయి. ఒక్క గాలివాన గట్టిగా కొట్టిందంటే రాత్రికి రాత్రే ఆకులన్నీ రాలిపోతాయి. కాబట్టి ఫలానా తేదీకి రంగులు ఉంటాయని ఎవరికీ రాసివ్వకండి.

ఇంకో లెక్క చూడండి. డిసెంబరు మూడో వారంలో రోవనియెమిలో సూర్యుడు కనిపించేది రెండు గంటల పైచిలుకు. ట్రోమ్సోలో నవంబరు చివర్నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు అసలు పైకే రాడు. సెప్టెంబరు మధ్యలో పదమూడు గంటల పగలుంటుంది, రాత్రి నిఖార్సైన చీకటీ ఉంటుంది. పగలు ఊరూ కొండా చూడొచ్చు, రాత్రి ఆకాశంలో ధ్రువ కాంతులు (అరోరా) చూడొచ్చు. సరస్సులు గడ్డకట్టవు కనుక ఆకాశంలో వెలుగు నీళ్ళలోనూ కనిపిస్తుంది. జూన్, జూలైల్లో పీక్కుతినే దోమలు అప్పటికి పోతాయి. పగటి చలి పది డిగ్రీల అటూ ఇటూ. లంబసింగిలో శీతాకాలపు తెల్లవారుజాము తట్టుకున్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తట్టుకుంటారు. మన కస్టమర్లలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. గడ్డకట్టిన బాట మీద కాలు జారి తుంటి విరుగుతుందన్న భయం సెప్టెంబరులో దాదాపు లేనట్టే. రేట్లు కూడా డిసెంబరంత మండవు. క్రిస్మస్ రోజుల్లో రోవనియెమిలో గదే దొరకదు.

రోవనియెమిలోని సాంటా క్లాజ్ గ్రామం ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. ఆర్కిటిక్ వలయపు గీత అక్కడే, ఊరికి ఉత్తరాన ఎనిమిది కిలోమీటర్లలో. ఆ గీత మీద ఫొటో తీసుకుని బస్సెక్కేస్తారు అందరూ. మీరు మాత్రం ఊళ్ళో ఒక పూట నడవండి. 1944లో వెనక్కి మళ్ళుతున్న జర్మన్ సైన్యం తగలబెట్టి వెళ్ళిన ఊరది. మళ్ళీ కట్టడానికి ఫిన్లాండ్ వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో రెయిన్‌డీర్ తల, కొమ్ముల ఆకారంలో వీధుల నక్షా గీశాడు. మన వాళ్ళకి ఈ కథ చెబితే ఊరిని చూసే చూపే మారుతుంది.

ప్రశ్న: మేడం, నాకు ఇరవై ఆరేళ్ళు. హైదరాబాద్‌లో ఒక టూర్స్ కంపెనీలో యూరప్ డెస్క్ చూస్తాను. ఈసారి మా మేనేజర్ గారు నన్ను పంపుతున్నారు. ఇదే నా మొదటి ఫ్యామ్ ట్రిప్. అక్కడ నేను ఏం గమనించాలి? తిరిగొచ్చాక రిపోర్టులో ఏం రాయాలి?
– ఒక ఉద్యోగిని, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక సంగతి. అది సెలవు కాదు. పొద్దున ఎనిమిదికి బస్సు, దారిలో నాలుగు హోటళ్ళ గదులు, మధ్యాహ్నం అక్కడి హోటళ్ళు, టూర్ల వాళ్ళతో వర్క్‌షాపు, సాయంత్రం మరో రెండు హోటళ్ళు, రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ వ్యాపారం మాటలు, ఆ తర్వాత ఆకాశం కోసం జాగారం. మూడో రోజుకి ఏ హోటలు ఏదో కలగాపులగం అయిపోతుంది. అందుకే ప్రతి హోటల్లో మొదటి ఫొటో దాని బోర్డుది తియ్యి. తర్వాతే గదులు.

వాళ్ళు నీకు అన్నిటికన్నా మంచి గది చూపిస్తారు. అది వాళ్ళ పని. "నలభై మంది గ్రూపు వస్తే ఏ గదులు ఇస్తారో అది చూపించండి" అని అడగడం నీ పని. అందులో రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరిచి పెట్టే చోటుందా, మంచాలు విడిగా జరుగుతాయా, కెటిల్ ఉందా, స్నానాల గదిలో గడప ఎత్తెంత – ఇవి రాసుకో. గాజు క్యాబిన్లు ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. నేను చూసిన ఒకచోట రిసెప్షన్ నుంచి చివరి క్యాబిన్‌కి అడుగులు లెక్కపెట్టాను, 640 అయ్యాయి. దారంతా కంకర. చక్రాల సూట్‌కేసు ఈడ్చుకుంటూ డెబ్భై ఏళ్ళ ఆవిడ రాత్రి పదింటికి అంత దూరం నడవగలదా? సామాను వాళ్ళే తెచ్చిపెడతారా? ఆ జవాబు ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు. నువ్వు తేవాలి.

బస్సు దారి. రోవనియెమి నుంచి ఇనారి సుమారు 325 కిలోమీటర్లు. మధ్యలో సోదన్‌క్యూల తప్ప చెప్పుకోదగ్గ ఊళ్ళు తక్కువ. ఏ మజిలీలో ఎన్ని టాయిలెట్లున్నాయో లెక్కపెట్టు. నలభై మందికి రెండే ఉంటే ఇరవై నిమిషాల హాల్టు ముప్పావుగంట అవుతుంది. యూరప్‌లో డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి, రోజుకి మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. అది చట్టం. మన కస్టమర్లు "ఇంకొక్క చోటు చూపించి పొమ్మనండి" అంటే ఆయన చూపించలేడు. ఇటినరీ గీసేటప్పుడే ఆ గంటలు గీసుకోవాలి.

గడియారం విషయంలో నేను పెద్ద దెబ్బ తిన్నాను. ఫిన్లాండ్ టైము నార్వే, స్వీడన్‌ల కన్నా గంట ముందుంటుంది. ఆ నెలలో మనకీ ఫిన్లాండ్‌కీ తేడా రెండున్నర గంటలు, మనకీ నార్వేకీ మూడున్నర. నా మొదటి గ్రూపుతో కరాష్యోక్ నుంచి ఇనారికి తిరిగొస్తున్న రోజు, నార్వే టైములో పావుతక్కువ ఏడుకి బయల్దేరాం. దూరం 115 కిలోమీటర్లే కదా, ఎనిమిదిన్నరకి భోజనానికి కూర్చుంటాం అనుకున్నాను. చేరేసరికి ఇనారిలో తొమ్మిదిన్నర అయింది. వంటగది తొమ్మిదికే మూసేశారు. ఇరవై రెండు మంది, అందులో నలుగురు ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు. కెటిళ్ళతో వేడినీళ్ళు మోసి, ఉప్మా పొడి కలిపి గది గదికీ ఇచ్చాను. ఒక పెద్దాయన ఆ రాత్రి నన్నేమీ అనలేదు, గిన్నె తీసుకుని తలుపు వేసుకున్నారు. అనుంటే తేలిగ్గా ఉండేది. అప్పట్నుంచి నా ఇటినరీలో సరిహద్దు దాటే రోజున రెండు టైములూ పక్కపక్కన రాస్తాను. నువ్వూ అలాగే రాయి.

వర్క్‌షాపులో ఒక్కో టేబులు దగ్గర పది, పదిహేను నిమిషాలే ఇస్తారు. నెట్ రేటు (మన కమీషను కలపని ధర), రిలీజ్ డేటు (అమ్ముడుపోని గదులు వెనక్కిచ్చేసే గడువు), క్యాన్సిలేషన్ – ఈ మూడూ ముందడుగు. పిల్లలకు రేటెలా, గ్రూపు లీడరుకి గది ఉచితమా అన్నది తర్వాత. తిరిగొచ్చిన వారంలోపు రిపోర్టు రాసెయ్యి. అక్కడ మనల్ని చూసుకున్న గైడుకీ, డ్రైవరుకీ పేరు పెట్టి కృతజ్ఞతలు పంపు. వచ్చే ఏడాది నీ గ్రూపుని ఎక్కించుకునేది వాళ్ళే.

ప్రశ్న: "ధ్రువ కాంతులు గ్యారంటీ" అని ఒకరు ప్రకటన ఇచ్చారు. మా కస్టమర్లు ఆ కాగితం తెచ్చి మీరూ గ్యారంటీ ఇస్తారా అంటున్నారు. ఇవ్వకపోతే బుకింగ్ పోతుంది. ఇస్తే ఏమవుతుందోనని భయం. ఏం చెప్పమంటారు?
– ఒక ఏజెంటు, నెల్లూరు

జవాబు: ఇవ్వకండి. బుకింగ్ పోతే పోనివ్వండి.

ఈ వెలుగు సూర్యుడి నుంచి వస్తుంది. సూర్యుడు వెదజల్లే విద్యుత్ కణాలు భూమి అయస్కాంత క్షేత్రం వెంట ధ్రువాల వైపు దిగి, పైన గాలిలోని అణువులను తాకుతాయి. వంద, నూట యాభై కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇంకా పైన అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. అంచుల్లో ఊదా రంగు నైట్రోజన్‌ది. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ ఇది సూర్యుడి పనేనని నమ్మి, ఆల్టా దగ్గర హాల్డె కొండ మీద పరిశోధనశాల కట్టించాడు. 1899లో పూర్తయింది. ధ్రువ కాంతుల కోసమే కట్టిన మొదటి శాశ్వత పరిశోధనశాల అది. మీరు ఆల్టా వెళ్తే ఆ కొండని వేలు పెట్టి చూపించండి.

సెప్టెంబరుకి ఒక అనుకూలత ఉంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ, అంటే మార్చిలోనూ సెప్టెంబరులోనూ, భూమి అయస్కాంత క్షేత్రం సౌరగాలికి ఎక్కువ లొంగుతుంది. సూర్యుడి పదకొండేళ్ళ చక్రం ఉచ్చదశకి చేరిందని 2024 అక్టోబరులో నాసా ప్రకటించింది కూడా. ట్రోమ్సో, అబిస్కో లాంటివి సరిగ్గా ఈ కాంతుల వలయం కింద ఉంటాయి. భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడిని సున్నా నుంచి తొమ్మిది దాకా కొలిచే కేపీ సూచిక ఒకటో రెండో ఉన్నా కనిపించవచ్చు. ఇవన్నీ మనవైపే ఉన్నా మబ్బు మాత్రం మన చేతిలో లేదు. శరత్కాలంలో నార్వే తీరమంతా వానలు. అందుకే అబిస్కోలో ఒక రాత్రయినా ఉండేలా చూస్తాను. చుట్టూ కొండలు మబ్బుని అడ్డుకోవడం వల్ల అక్కడ ఆకాశం మిగతాచోట్ల కన్నా తరచుగా తేటపడుతుంది.

మూడు ఊళ్ళలో మూడు రాత్రులైనా పెట్టండి. ఇటినరీలో "ధ్రువ కాంతుల కోసం మూడు రాత్రుల వెతుకులాట, కనిపించడం వాతావరణాన్ని బట్టి" అని రాయండి. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఫోనులో పచ్చగా పడేది చాలాసార్లు కంటికి బూడిదరంగు పలచటి మబ్బులా కనిపిస్తుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడం వల్ల ఎంతమంది మోసపోయామనుకుంటూ తిరిగొచ్చారో!

ఈసారి మాకు మొదటి రాత్రి వాన. రెండో రాత్రి ఇనారి సరస్సు ఒడ్డున పదకొండు దాటే దాకా ఏమీ లేదు. సగం మంది వెళ్ళి పడుకున్నారు. నేనూ, జైపూర్ నుంచి వచ్చిన ఒకావిడా చెక్క మెట్ల మీద కూర్చున్నాం. ఉత్తరం వైపు అంచున సన్నటి గీత ఒకటి, ముందు తెల్లగా. ముగ్గుపిండి వేళ్ళ సందునుంచి జారుతున్నట్టు ఒకచోట సన్నబడి, ఒకచోట లావై, నెత్తి మీదికి సాగింది. అప్పుడు పచ్చబడింది. నీళ్ళలో కూడా అదే గీత. ఎక్కడో బాతు ఒకటి కదిలితే నీళ్ళలోది ముక్కలై మళ్ళీ అతుక్కుంది. పదకొండు నిమిషాలు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇద్దరం ఫోను తియ్యలేదు. కస్టమర్లకి ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు మొదటి రాత్రి వాన గురించి కూడా చెబుతాను.

ప్రశ్న: మా గ్రూపుల్లో అందరూ శాకాహారులు. అక్కడ తిండి దొరుకుతుందా? ఇంటి నుంచి ఏం తీసుకెళ్ళొచ్చు?
– ఒక టూరు నిర్వాహకురాలు, తిరుపతి

జవాబు: దొరుకుతుంది, ముందే రాసి చెబితే. "మాంసం వద్దు" అని ఊరుకోకండి. చేప, గుడ్డు, మాంసం మరిగించిన నీళ్ళతో చేసిన సూపు కూడా వద్దని విడివిడిగా రాయండి. కరేలియన్ పై అని ఒకటి పెడతారు. రై పిండి తొడుగులో పాలన్నం. మన వాళ్ళకి బాగా నచ్చుతుంది. కానీ పైన గుడ్డు కలిపిన వెన్న రాస్తారు, అది లేకుండా అడగాలి. లింగన్‌బెర్రీ అచ్చం మన వాక్కాయ పులుపు. పెరుగన్నంలోకి నంజుకున్నవాళ్ళని చూశాను.

లెయిపయూస్తో అనే జున్ను గురించి తప్పక చెప్పాలి. పళ్ళెంలో చదునుగా, పైన గోధుమరంగు మచ్చలతో కాల్చి తెస్తారు. పంటి కింద కీచుమంటుంది. పూర్వం దాన్ని ఈనిన ఆవు తొలిపాలతోనే చేసేవారట. అంటే మన జున్నుపాలే! ఎక్కడి ల్యాప్‌లాండ్, ఎక్కడి గోదావరి జిల్లా అనుకుంటూ తిన్నాను. మీ వాళ్ళలో నిష్ఠగలవాళ్ళుంటే జున్ను గడ్డకట్టించడానికి ఏం వాడారో అడిగి పెట్టండి.

రోవనియెమిలో, ట్రోమ్సోలో మన దేశపు వంట చేసే హోటళ్ళున్నాయి. మధ్యలో మీ సంచే మీ వంటిల్లు. ఆవకాయ, పొడులు, అటుకులు, ఉప్మా పొడి పట్టుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు.

ప్రశ్న: అక్కడి ఏర్పాట్లు చూసే ఒక గ్రౌండ్ ఏజెంటు "సామీ పల్లె" పేరుతో ప్యాకేజీ పంపారు. స్థానికుల దుస్తులు వేసుకుని ఫొటోలు, మంత్రగాడి ఆట, రెయిన్‌డీర్‌కి మేత. పిల్లలకి సరదాగా ఉంటుందనుకుంటున్నాం. పెట్టమంటారా?
– ఒక ఏజెంటు, వరంగల్

జవాబు: రెయిన్‌డీర్‌కి మేత పెట్టించండి. మిగతా రెండూ తీసేయండి.

సామీలు ఆ నేల ఆదిమ జాతి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలోని కోలా ద్వీపకల్పం – నాలుగు దేశాల మధ్య పంచబడిన నేలని వాళ్ళు సాప్మి అంటారు. ఒక్క ఫిన్లాండ్‌లోనే మూడు సామీ భాషలున్నాయి. వాళ్ళ దుస్తుల్ని గాక్తి అంటారు. ఏ ప్రాంతం, ఏ కుటుంబం అన్నది ఆ అంచుల్ని బట్టే తెలుస్తుంది. మీకు ఆదిలాబాద్ దగ్గరే కాబట్టి ఇలా చెబుతాను: దండారిలో గోండు అన్నదమ్ములు పెట్టుకునే గుస్సాడీ నెమలి ఈకల టోపీని, టూరిస్టులకి అద్దెకిచ్చి సెల్ఫీ తీయించడం మీరు ఒప్పుకుంటారా? ఇదీ అంతే. సామీలు కానివాళ్ళు నకిలీ గాక్తి తొడుక్కుని టూరిస్టుల ముందు ఆడటం వల్ల వాళ్ళు ఏళ్ళ తరబడి నొచ్చుకున్నారు. ఫిన్లాండ్‌లోని సామీ పార్లమెంటు 2018లో టూరిజం వాళ్ళ కోసం నైతిక సూత్రాలే తయారుచేసింది. గ్రౌండ్ ఏజెంటుని ఒక్క మాట అడగండి: "ఈ కార్యక్రమం నడిపేది సామీలేనా?" జవాబు నసిగితే వదిలేయండి.

బదులుగా ఇనారిలో సిదా అనే సామీ మ్యూజియంకి పూర్తిగా రెండు గంటలివ్వండి. 2024లో యూరప్‌లోని ఉత్తమ మ్యూజియంగా పురస్కారం అందుకుంది. ఆ ఊళ్ళోనే సాయోస్ అనే భవనం ఉంది, 2012లో తెరిచారు, అక్కడి సామీ పార్లమెంటు అందులోనే. నార్వే వైపు సామీ పార్లమెంటు కరాష్యోక్‌లో ఉంది, 1989 నుంచి పనిచేస్తోంది. తర్వాత ఒక సామీ కాపరి ఇంటికి చిన్న గుంపుగా వెళ్ళండి.

మేము వెళ్ళిన ఇంట్లో ఆయన ఒక దూడ చెవి పట్టుకుని చూపించాడు. రెండు కోతలు పైన, ఒకటి కింద, మధ్యలో చిన్న గాటు. ఒక్కో యజమానికి ఒక్కో గుర్తు. అడవిలో దూరం నుంచి పరిగెత్తుతున్న జంతువు చెవి చూసి ఎవరిదో చెప్పేస్తారు. శరత్కాలంలో మందల్ని తోలుకొచ్చి కంచెలో విడదీస్తారు, ఆ పని జరిగేచోటికి పిలిస్తే చెప్పిన చోటే నిలబడాలి, అరవకూడదు. మా బస్సులో ఒకాయన "మీకెన్ని రెయిన్‌డీర్లున్నాయి?" అని అడిగాడు. కాపరి నవ్వి మాట మార్చాడు. అది బ్యాంకులో ఎంతుందని అడగడంతో సమానం. బస్సు ఎక్కకముందే మీ వాళ్ళకి ఇది చెప్పి ఉంచండి.

ప్రశ్న: కిరునా అనే గనుల ఊరు మీ దారిలో ఎందుకు పెట్టారు? గనులు మాకు కొత్త కాదు.
– సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

జవాబు: మీకు కొత్త కాదు కనుకే మీలాంటివాళ్ళు చూడాలి. కిరునా కింద పెద్ద ఇనుప గని ఉంది. తవ్వకం లోతుకి వెళ్ళేకొద్దీ పైన ఊరు కుంగడం మొదలైంది. 2004లో ఊరినే జరపాలని నిర్ణయించారు. 1912లో కట్టిన చెక్క చర్చిని విప్పకుండా, ఎత్తుకెళ్ళినట్టు ఎత్తుకెళ్ళారు. బరువు 672 టన్నులు, దూరం ఐదు కిలోమీటర్లు. 2025 ఆగస్టు 19, 20 తేదీల్లో, నడకకన్నా మెల్లగా. జనం రోడ్డు పక్కన నిలబడి చూశారు, స్వీడన్ రాజు కూడా వచ్చాడు.

పాత ఊళ్ళో కంచె వేసిన ఒక వీధి చూశాను. ఇళ్ళు లేవు. తోటల్లో పెట్టిన పొదలు మాత్రం వరసగా ఎర్రబారి ఉన్నాయి, వాకిళ్ళు ఎక్కడుండేవో వాటిని బట్టి తెలుస్తోంది. ఓపెన్‌కాస్ట్ గని కోసం ఊరు ఖాళీ చేసిన మనవాళ్ళే నాకు గుర్తొచ్చారు. గుడిని, బడిని, చింతచెట్టుని ఎవరు మోసుకొచ్చారు వాళ్ళకి? కిరునాలోనూ అందరూ సంతోషంగా లేరు. రెయిన్‌డీర్ దారులు తెగిపోతున్నాయని సామీ కాపరుల బాధ. ఖనిజం రైళ్ళు ఇప్పటికీ నార్విక్ రేవుకి పోతుంటాయి. అబిస్కో నుంచి మీరెక్కేదీ ఆ పట్టాల మీద నడిచే రైలే. కిటికీ పక్కన కూర్చోండి.

ప్రశ్న: వీసా ఏ దేశానికి పెట్టాలి? స్వాల్‌బార్డ్ కూడా కలపొచ్చా?
– ఒక ఏజెంటు, విశాఖపట్నం

జవాబు: ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి. సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజులకన్నా దగ్గరకి రానివ్వకండి. సెప్టెంబరు ప్రయాణానికి మేలోనే పెట్టండి, ఎండాకాలం రద్దీలో అపాయింట్‌మెంట్లు దొరకవు. పెద్దలకి రుసుము 90 యూరోలు, బీమా కనీసం 30,000 యూరోలకి. ఫ్యామ్ ట్రిప్ అయితే పిలిచినవాళ్ళ లేఖ, రోజువారీ ఇటినరీ తప్పక జతచేయండి.

ఇంకా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు నార్వేవే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలు) పరిధిలో లేవు. అక్కడికి వెళ్ళొస్తే షెంగెన్‌లోకి రెండోసారి అడుగుపెట్టినట్టు. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు. మొదటిసారి గ్రూపుకి కలపకండి. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం అక్కడి న్యూ ఓలెసున్‌లో 2008 నుంచి ఉందని మాత్రం మీ కస్టమర్లకి చెప్పండి, సంతోషిస్తారు.

ప్రశ్న: నేను ఎస్పూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మన తెలుగు కుటుంబాలు వస్తే సెప్టెంబరు సెలవుల్లో కారులో ల్యాప్‌లాండ్ తిప్పి చూపించాలని ఉంది. గైడుగా మొదలుపెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఫిన్లాండ్

జవాబు: ఆలోచన బాగుంది బాబూ. తెలుగులో చెప్పే గైడు ఉంటే మా పెద్దవాళ్ళకి సగం అలసట తీరుతుంది. కానీ బంధువుల్ని తిప్పడం వేరు, డబ్బు తీసుకుని తిప్పడం వేరు. బసనీ, ప్రయాణాన్నీ కలిపి అమ్మితే అది ప్యాకేజీ. అక్కడి వినియోగదారుల సంస్థ దగ్గర నమోదు కావాలి, కస్టమరు డబ్బుకి హామీ చూపించాలి. కారులో మనుషుల్ని కిరాయికి ఎక్కించుకోవడానికి లైసెన్సు కావాలి. మీ నివాస అనుమతి ఈ పనికి ఒప్పుకుంటుందా అన్నది కూడా ముందే కనుక్కోండి. మొదటి ఏడాది నమోదైన స్థానిక కంపెనీకి తెలుగు గైడుగా, వాళ్ళ బస్సులో పనిచేయండి. దారులు, మజిలీలు, మనవాళ్ళు అడిగే ప్రశ్నలు అన్నీ అలవాటవుతాయి.

సొంత కారులో దారి చూసుకోవడానికి వెళ్తే, సోదన్‌క్యూల దాటాక సాయంత్రాలు స్పీడు తగ్గించండి. సెప్టెంబరులో రెయిన్‌డీర్లు గుంపులుగా రోడ్డెక్కుతాయి, హారను కొట్టినా కదలవు. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది, ఆగి చూడండి. పొరపాటున తగిలితే వదిలేసి వెళ్ళకండి, 112కి ఫోను చేయండి. చెవి గుర్తు చూసి అది ఎవరిదో వాళ్ళు తెలుసుకుంటారు.